మొరగడం మానేసిన బుజ్జితో ఉబిన్ దీవికి

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే దురలవాటు నాకు లేదు. ఉన్నదాన్ని నేతిలో వేయించి, పైన నాలుగు జీడిపప్పులు చల్లి వడ్డించడమే మా ఇంటి మర్యాద. కాబట్టి ఇందులో అడవిపంది ఎద్దంత కనబడితే మీరు మేకంతకు తగ్గించుకోండి. దోమ పిచ్చుకంత ఉందంటే ఈగంతకు దించండి. కాకినాడ బజారులో వంకాయలు బేరమాడినట్టు ఆడి, మీకు గిట్టిన ధరకే నమ్మండి. అంతకంటే ఎక్కువ నమ్మి మోసపోతే నా పూచీ లేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వై2కె గండం గడిచి, ప్రపంచం అంతం కాలేదని అందరూ కాస్త నిరాశపడిన ఆ ఏడాది వేసవిలో మా బావమరిది రవి ఫోన్ చేశాడు. వాడు సింగపూర్‌లో రాఫెల్స్ ప్లేస్ అనే చోట ఒక బ్యాంకులో కంప్యూటర్ ఇంజనీరు. రెండంకెలతో రాసిన సంవత్సరాన్ని నాలుగంకెలుగా దిద్దడం ఉద్యోగం. ఆపాటి దిద్దుబాటు మా వీధిబడి పంతులుగారు సుద్దముక్కతో చేసేవారు. ఆయనకు డాలర్లలో జీతం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, అంతే తేడా.

"బావగారూ, అక్కని తీసుకుని వచ్చెయ్యండి. క్యాంపింగ్ వెళ్దాం. అడవులు, జలపాతాలు, గుడారంలో పడక. కుక్క కూడా వస్తుంది" అన్నాడు.

ఆ చివరి మాటలో ఉన్న మతలబు నాకు విమానం దిగాకగాని తెలియలేదు.

హౌగాంగ్: ఎనిమిదో అంతస్తు మౌనస్వామి

రవి ఉండేది హౌగాంగ్‌లో. అగ్గిపెట్టెలు నిలువుగా పేర్చి రంగులేసినట్టుండే ప్రభుత్వ ఫ్లాట్లు. ఎనిమిదో అంతస్తులో తలుపు తీయగానే ఒక గేదెదూడ నా భుజాల మీద రెండు కాళ్ళు వేసి, మొహమంతా నాకి, కళ్ళజోడు తుడిచిపెట్టింది.

"వీడు బుజ్జి" అంది రవి భార్య సుజాత. "తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేవాడు అన్నయ్యగారూ. చిన్నజాతి అని చెప్పి ఇచ్చారు."

చిన్నజాతిది కాదు. సుజాత రెండేళ్ళు పెట్టిన పెరుగన్నం ఎక్కడికీ పోలేదు. ఆ ఫ్లాట్లలో చిన్న కుక్కని తప్ప ఉంచుకోనివ్వరు. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు, ఈ నెలాఖరులోగా బుజ్జిని పంపెయ్యాలని తాకీదు వచ్చింది. తీసుకునేవాళ్ళు దొరక్కపోతే పట్టుకెళ్ళే బండి ఒకటి ఉందట. ఎక్కడికి పట్టుకెళ్తుందో పదేళ్ళ కీర్తన ముందు ఎవరూ అనరు. కీర్తన రవి కూతురు. దానికి తెలియకపోతేగా!

రవి వెతగ్గా వెతగ్గా ఉబిన్ అనే దీవిలో ఒక చైనా ముసలాయన ఉన్నాడని, ఆయనకి కుక్క కావాలని కబురు దొరికింది. అదండీ మా విహారయాత్ర. పెళ్ళిచూపులకి తిరుపతి యాత్ర అని పేరు పెట్టినట్టు.

ఇంకొక చిత్రం రెండో రోజుకు గమనించాను. బుజ్జి మొరగడు. తలుపు కొట్టినా, లిఫ్ట్ గంట మోగినా, నేను గురక పెట్టినా మొరగడు. నోరు తెరుస్తాడు, ఏదో గుర్తొస్తుంది, మూసేస్తాడు. అచ్చం మా కాలేజీ స్టాఫ్ మీటింగులో నాలాగే.

"మూగవాడా పాపం?" అన్నాను.

"నో లా, మామయ్యా! మమ్మీ ట్రెయినింగ్" అంది కీర్తన. ఇక్కడ మాట చివర ఒక 'లా' తగిలించడం అలవాటు.

గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు. కుక్క మొరిగితే పొరుగువాళ్ళు ఊరుకోరు. అందుకని సుజాత, నోరు మూసుకున్నప్పుడల్లా ఒక అప్పడం ముక్క చొప్పున పెట్టి, బుజ్జికి మౌనవ్రతం పట్టించింది. మనవైపు మొరగని కుక్కని చూస్తే దిష్టి తీయిస్తారు. ఇక్కడ మర్యాదస్తుడని మెచ్చుకుంటారు.

మా ఆవిడ మాత్రం, కుక్కతో ఒకే గుడారంలో పడుకునేదాన్ని కాదని ఏసీ గదిని కాపలా కాయడానికి ఉండిపోయింది.

రాఫెల్స్ ప్లేస్: చేతిరుమాలు శాస్త్రం

ప్రయాణానికి ముందురోజు రవి తన ఆఫీసు చూపించి, పక్కనున్న తిండికొట్ల సముదాయానికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం పన్నెండుకు టైలు కట్టుకున్న జనం మన పుష్కరాల రేవులోలా దిగుతారు. అంత జనంలో ఒక బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఒక టిష్యూ కాగితాల పొట్లం. ఆహా, అతిథి మర్యాద అనుకుని పొట్లం విప్పి, ఒక కాగితంతో మొహం, రెండోదాంతో మెడ, మూడోదాంతో చెప్పులు తుడుచుకున్నాను.

పళ్ళెంతో వచ్చిన పెద్దమనిషి నా వైపు చూసిన చూపుకి పళ్ళెంలో సూపు గడ్డకట్టింది.

"బావగారూ లేవండి! ఆయన చోప్ చేశాడు" అని రవి నన్ను లాగేశాడు. పొట్లం పెడితే ఆ బల్ల వాళ్ళదేనట. దాన్ని చోప్ చెయ్యడం అంటారట. ఓస్, ఇంతేనా! కదిలే ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి ముగ్గురు పట్టే సీటు ఆపినవాణ్ణి నేను. కాకపోతే మన దగ్గర ఆ రుమాలు మీద కూర్చుని, "ఎవరిదో పడిపోయిందండీ" అనే సౌలభ్యం కూడా ఉంది. ఈ దేశం ఇంకా అంత ఎదగలేదు.

జలపాతం ఏదిరా అంటే ఆ సాయంత్రమే ఒక పక్షుల తోటలో చూపించాడు. తాటిచెట్టు మీద తాటిచెట్టు ఎత్తు. నేను చేతులు జోడించబోతుండగా నీళ్ళు తగ్గి, సన్నబడి, ఆగిపోయాయి.

"మూసేసే టైమయింది బావగారూ. మోటారు కట్టేశారు."

గంగమ్మ తల్లికి కూడా డ్యూటీ వేళలు పెట్టిన దేశమిది.

చాంగీ దారి: మల్లేశం లారీ

బుజ్జిని రైల్లో రానివ్వరు. టాక్సీవాళ్ళు దూరం నుంచి చూసి లైటు ఆర్పేసుకున్నారు. చివరికి రవికి గుళ్ళో పరిచయమైన మల్లేశం, వాళ్ళ బాసుని అడిగి కంపెనీ లారీ తెచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. కట్టడం పనికి వచ్చాడు.

"ఎక్కుండ్రి సార్. కుక్కను నడ్మల కూసోబెట్టుండ్రి. ఏడికి, షిప్పుకా?"

"లేదయ్యా, దీవిలో క్యాంపింగ్. గుడారం వేసుకుని పడుకోడానికి" అన్నాడు రవి.

మల్లేశం లారీ స్టార్ట్ చెయ్యడం మర్చిపోయాడు. "ఇల్లుండంగనా?"

"సరదాకి."

"పైసలిచ్చి మరీ నేల మీద పంటరా సార్?" అని మల్లేశం చాలాసేపు నవ్వాడు. "మేం ఈడికొచ్చిన కాంచి రేకుడబ్బల పన్నెండు మందిమి పంటున్నం. గిదాన్ని క్యాంపింగ్ అంటరని ఇయ్యాల్నే తెల్సింది. ఇంటికి ఫోన్ జేసి జెప్త, నేను గూడ సరదాలనే ఉన్ననని."

దారి పొడుగునా అద్దంలోంచి బుజ్జిని చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "సార్, కుక్క పానం బాగున్నదా? ఒక్కపారి గూడ మొర్గలే" అన్నాడు.

"శిక్షణ అయ్యా" అన్నాను.

"మమ్ముల్ని గూడ ఏజెంటు గట్లనే తయారుజేసి తోలిండు" అని వెళ్ళిపోయాడు.

ఉబిన్ రేవు: ఇంటర్వ్యూ

చాంగీ రేవులో చెక్క పడవలు. పన్నెండు మంది పోగైతేగాని కదలవు. ఎంత అభివృద్ధి చెందినా మన షేరాటో ధర్మాన్ని ఎవరూ దాటలేరు కదా. మనిషికి డాలరున్నర. బుజ్జికి టికెట్ ఎంతని పడవవాడు చాలాసేపు ఆలోచించి, వాణ్ణి కాదని నన్ను తూకం వేసినట్టు చూసి, ఊరుకున్నాడు.

దీవి దిగితే సింగపూర్ మాయం. ఎత్తయిన మేడల్లేవు. రేకుల ఇళ్ళు, ఎర్రమట్టి దారి, రబ్బరు చెట్లు, దారికి అడ్డంగా నడిచే కోళ్ళు. మేం డాలర్లు పోసి వెతుక్కుంటూ వచ్చిన వింత ఏమిటంటే, మా జగ్గంపేట.

కుక్క కావాలన్న ఆ ముసలాయన, అంకుల్ లిమ్, కొట్టు రేవుకి కాస్త లోపల. డెబ్బై దాటిన మనిషి. నిక్కరు, చిల్లుల బనీను. నన్ను చూడగానే "వణక్కం!" అన్నాడు. ఈ దేశంలో మన రంగువాళ్ళంతా తమిళులే. నేను కూడా వణక్కం పెట్టేశాను. ఎవరికి చెప్పుకుంటాం?

కొబ్బరిబొండాం రెండు డాలర్లు. అంటే యాభై రూపాయలు. కాకినాడలో ఆ డబ్బుకి గెల ఇచ్చి, చెట్టు కూడా చూపిస్తారు.

ఆయన బాధ ఇదీ. పాత కుక్క పోయిన సంవత్సరం చచ్చిపోయింది. అడవిపందులు వచ్చి కర్రపెండలం తవ్విపోస్తున్నాయి. కోతులు కొట్లోంచి కూల్‌డ్రింకులు ఎత్తుకెళ్తున్నాయి. బుజ్జి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పశువుల సంతలోలా పళ్ళు చూశాడు, కాళ్ళు ఒత్తాడు.

"గుడ్. బిగ్. బార్క్ క్యాన్?" మొరగడం వచ్చా అని.

మా నలుగురికీ ఒక్కసారే దగ్గొచ్చింది. అప్పుడు రవి తన వృత్తిధర్మం నిలబెట్టుకున్నాడు.

"ఎస్ అంకుల్! వెరీ గుడ్ బార్కింగ్. టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్."

ఆ రోజుల్లో మన కుర్రాళ్ళు విమానాలెక్కింది ఇలాంటి వాక్యంతోనే. అమీర్‌పేటలో మూడు వారాల కోర్సు, ఆరేళ్ళ అనుభవం. కానీ బ్యాంకుల్లాగా అంకుల్ లిమ్ కాగితం చూసి నమ్మే రకం కాదు.

"షో" అన్నాడు.

బుజ్జి నోరు తెరిచాడు. సుజాత వైపు చూశాడు. మూసేశాడు. అప్పడం కోసం తోక ఊపుతూ కూర్చున్నాడు.

ముసలాయన చెయ్యి తిప్పేశాడు. "టుమారో యూ గో బ్యాక్, ఎస్? బిఫోర్ బోట్ గో, వన్ టైమ్ బార్క్, ఐ టేక్. నో బార్క్, నో జాబ్ లా."

కీర్తన బుజ్జి మెడ చుట్టూ చేతులు వేసి, బండి మాట ఎత్తకుండా, "హి విల్ లెర్న్, అంకుల్" అంది.

గుడారం: మొరుగుట ఎట్లు

సముద్రపు ఒడ్డున గుడారం వేశాం. వేశాం అని బహువచనం వాడాను గాని, నేను పర్యవేక్షించాను. నాలుగు కర్రలకి పదకొండు తాళ్ళు ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. రవి ఆ గుడారం కాగితం చదివి, మూడుసార్లు విప్పి కట్టి, చివరికి ఇది ఇలాగే ఉంటుంది అని తేల్చాడు. సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే తయారవుతుందట.

తర్వాత శిక్షణ. "సింపుల్ బావగారూ. ఇన్నాళ్ళూ మూసుకుంటే అప్పడం. ఇప్పుడు తిరగరాస్తాం. మొరిగితే అప్పడం. ముందు మనం చేసి చూపించాలి" అన్నాడు రవి.

బ్యాంకు ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని "భౌ" అన్నాడు. సుజాత అతని నోట్లో అప్పడం పెట్టింది. బుజ్జి ఆశ్చర్యంగా చూశాడు. సుజాత "భౌ భౌ" అంది. రవి ఆవిడ నోట్లో పెట్టాడు. పెళ్ళిలో బంతి ఆడినట్టు ఇద్దరూ ఆడుకుంటుంటే అప్పడాలు అయిపోతున్నాయని నేను రంగంలోకి దిగాను. నా మొరుగుడికి అవతలి మలేషియా ఒడ్డునుంచి ఏడు కుక్కలు జవాబిచ్చాయి. మా పక్కన గుడారం వేసుకున్న చైనా జంట ఒకరి మొహం ఒకరు చూసుకుని, తాళ్ళు విప్పుకుని దూరంగా వెళ్ళిపోయారు.

బుజ్జికి మాత్రం మా మీద బెంగ పట్టుకుంది. మొరిగిన ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి మూతి నాకి, సుజాత దగ్గరికి పరిగెత్తి ఆవిడ చెయ్యి ముట్టెతో పొడిచాడు. వీళ్ళు గోల చేస్తున్నారు, నువ్వు ఏమీ అనవేం అని ఫిర్యాదు.

పొద్దు గుంకే వేళకి పులిహోర విప్పాం. చింతపండు వాసనకి పొదల్లోంచి ఒక అడవిపంది వచ్చింది. ఎద్దంత. వెనకాల ఆరు పిల్లలు, ఒక్కొక్కటి బుజ్జంత. మా కాపలావీరుడు లేచాడు, తోక ఊపాడు, పెళ్ళికొచ్చిన వియ్యపురాలికి దారిచ్చినట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. పంది నా విస్తరి దగ్గరికి వచ్చింది. నా ఒళ్ళో ఉన్నది పులిహోర గిన్నె. తల్లి వైపు నుంచి వచ్చిన ఆస్తి పోతున్నా అలా అరవను, "అమ్మ బాబోయ్!" అని ఒక్క కేక పెట్టాను. పంది సకుటుంబంగా మాయమైంది.

తెల్లారగానే అంకుల్ లిమ్ సైకిలు మీద వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"యెస్టర్‌డే ఐ హియర్! వెరీ లౌడ్! పిగ్ ఆల్ రన్! గుడ్ డాగ్!"

రవి కళ్ళలో దీపాలు వెలిగాయి. నేను కూడా వినయంగా తల దించుకున్నాను. అప్పుడు కీర్తన లేచి నిలబడి, "సారీ, అంకుల్. దట్ వాజ్ మామయ్య" అంది. ఇక్కడి బళ్ళలో పిల్లల్ని ఇలా పాడుచేస్తున్నారు.

ముసలాయన నన్ను ఆపాదమస్తకం చూశాడు. పళ్ళు చూస్తాడేమోనని నోరు మూసుకున్నాను. "యూ వాంట్ జాబ్? మకన్ ఫ్రీ. స్లీప్ ఫ్రీ" అన్నాడు. మకన్ అంటే తిండి. మా కాలేజీలో రెండూ లేవు.

రాతిగని: జలపాతం దొరికింది

ఆ పూటే ఆకాశం నల్లబడి, పడమటి నుంచి గాలివాన విరుచుకుపడింది. మొదటి దెబ్బకి మా గుడారం ఎగిరి చెట్టెక్కింది. కోతులు అందులో గృహప్రవేశం చేశాయి. పాలు పొంగించడం ఒక్కటే తక్కువ. మేం పరిగెత్తి పాత రాతిగని పక్కనున్న రేకుల చూరు కిందికి చేరాం.

ఒకప్పుడు రాళ్ళు తవ్వి వదిలేసిన గొయ్యి అది. ఇప్పుడు పచ్చటి మడుగు. చుట్టూ అడవి. ఎదురుగా నిలువునా కోసిన రాతి గోడ. చూస్తుండగానే ఆ గోడ అంచునుంచి నీళ్ళు దూకడం మొదలైంది. ముందు ఒక పాయ, తర్వాత పది, తర్వాత గోడంతా తెల్లటి తెర. మోటారు లేదు, టికెట్ లేదు, మూసే వేళ లేదు. నేను ఒక్క వెటకారం కూడా ఆడలేదు. తడిసిన మనిషికి ఇలాంటి బలహీనతలు ఉంటాయి.

కీర్తన బుజ్జిని చూరు చివరికి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఆ హోరులో ఎవరికీ వినబడదనుకుని కాబోలు గట్టిగానే మాట్లాడింది. ఇంగ్లీషు కాదు. ఆ ఇంట్లో కుక్కతో తెలుగే మాట్లాడతారు.

"అరు బుజ్జీ. ఇక్కడ ఎవరూ లేరు. అమ్మ తిట్టదు. ఒక్కసారి అరు."

బుజ్జి నోరు తెరిచాడు. గొంతు కదిలింది. పొట్ట కదిలింది. చెవులు వెనక్కి వాలిపోయాయి. మళ్ళీ మూసేశాడు.

నా వెనకాల సుజాత నిలబడి ఉంది. "రెండేళ్ళు పట్టింది అన్నయ్యగారూ, నేర్పడానికి. ఎంత బుద్ధిమంతుడో అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను" అంది. ఆవిడ చేతిలో మిగిలిన ఒక్క అప్పడం తడిసి మెత్తబడిపోయింది.

రేవు: పడవ కదిలే వేళ

వాన వెలిశాక రేవుకి వచ్చాం. పదకొండు మంది ఉన్నారు. పన్నెండో మనిషి ఎప్పటికీ రాకూడదని నేను మొక్కుకున్నాను. ఒక మనిషి సైకిలు తోసుకుంటూ రానే వచ్చాడు.

రవి అంకుల్ లిమ్‌తో, "వన్ మంత్ ప్రొబేషన్, అంకుల్, ప్లీజ్" అని బేరం మొదలుపెట్టాడు. ముసలాయన వినిపించుకోలేదు. కీర్తన చేతిలోని తాడు తను తీసుకుని, "యూ ఆల్ గో సిట్ బోట్. ఐ హోల్డ్. సీ హౌ" అన్నాడు. మేం పడవలో కూర్చుంటే బుజ్జి మొరుగుతాడేమో చూద్దామని. మొరిగితే ఉంచుకుంటాడు, లేకపోతే పడవలోకి దించేస్తాడు.

కూర్చున్నాం. ఇంజను స్టార్టయింది. పడవకీ ఒడ్డుకీ మధ్య బెత్తెడు నీళ్ళు కనిపించాయి.

బుజ్జి మొరిగాడు!

అలాంటి ఇలాంటి మొరుగుడు కాదు. రెండేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చాడు. మడచెట్ల మీద కొంగలన్నీ లేచాయి. కోతుల చేతుల్లోంచి కూల్‌డ్రింకులు జారిపోయాయి. అడవిపందులు సకుటుంబంగా సముద్రం ఈదుకుని మలేషియాకి వలసపోయాయి. హౌగాంగ్‌లో మా ఆవిడ ఏసీ గదిలో ఉలిక్కిపడి లేచింది. అంకుల్ లిమ్ బొటనవేలు ఎత్తి "క్యాన్! క్యాన్!" అని అరిచాడు. పడవ సాగిపోయింది.

ఇప్పుడు నిజం

ఇల్లు చేరగానే మా ఆవిడ గుమ్మంలోనే "మొరిగాడా?" అని అడిగింది. అప్పుడు పై పేరా మొదటిసారి చెప్పాను. అప్పట్నుంచి అందరికీ అదే చెబుతున్నాను.

పంది ఉంది, ఎద్దంత కాకపోయినా ఉంది. గుడారం చెట్టెక్కింది. జలపాతం అణాపైసలతో సహా నిజం. కల్పించింది ఆ మొరుగుడు ఒక్కటే.

పడవ కదిలింది. బుజ్జి రేవు అంచుదాకా వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు, మూశాడు. అంతే. రవి లేచి "ఆపండి, ఆపండి" అన్నాడు. కీర్తన పడవ అంచు మీదికి వంగి బుజ్జినే చూస్తోంది. పడవవాడు చుక్కాని వెనక్కి తిప్పుతున్నాడు. ఒడ్డున ముసలాయన కుక్కని చూశాడు, మమ్మల్ని చూశాడు. తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, పొండి పొండి అన్నట్టు చెయ్యి ఊపి, వాళ్ళ భాషలో ఏదో కేకేశాడు.

పడవవాడు నవ్వి మళ్ళీ దారికి తిప్పాడు. "అంకుల్ సే నెవర్ మైండ్. ఫర్ నౌ, హి బార్క్ హిమ్‌సెల్ఫ్" అన్నాడు.

రేవు చిన్నదవుతుండగా వెనక నుంచి ఒక మొరుగుడు వినిపించింది. బొంగురు గొంతు, మధ్యలో కాస్త దగ్గు. తిరిగి చూస్తే ముసలాయన నడుం మీద చేతులేసుకుని అడవి వైపు తిరిగి మొరుగుతున్నాడు. పక్కన బుజ్జి కూర్చుని, మెడ ఓరగా పెట్టి, ఆయన నోటికేసే చూస్తున్నాడు.